పొదుపునకు, ఆరోగ్యమునకు ఒకటే కొలత

"పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదు" అను సామెత మనకందరకును తెలిసినదే. దగ్గరనున్న వస్తువు విలువను మనము గుర్తింపమని దాని భావము. నేటి గృహములలో పెరడే కరవైనది గాని, ఆ సామెత మన వంటింటికి చక్కగా వర్తించును. ప్రతిదినము చెత్తబుట్టతో గుమ్మము దాటిపోవు వస్తువులలో ఆహారముగా, ఔషధముగా, ఎరువుగా ఉపకరించునవి ఎన్నియో గలవు. వాటిని పారవేసి, వాటి పని చేయు వస్తువులనే అంగడిలో సొమ్ము పోసి కొనుచున్నాము.

అట్లని ఇంటిలోని ప్రతి వస్తువును దాచుకొనుట పొదుపు కాదు. అది ఒక్కొక్కప్పుడు రోగమునకు ద్వారము తెరచును. ఏది దాచవలెను, ఏది వాడవలెను, ఏది నిస్సంకోచముగా పారవేయవలెను అను వివేకమే నిజమైన పొదుపు. ఈ వివేకమును నేను మా ఇంటిలో జరిగిన ఒక అనుభవము వలన నేర్చుకొంటిని.

మా ఇంటి పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట వినాయక చవితినాడు బంధువులు వచ్చెదరని అన్నము, కొబ్బరి పచ్చడి హెచ్చుగా చేసితిని. రావలసినవారిలో సగము మంది రాలేదు. మిగిలిన అన్నము పగలంతయు, రాత్రియంతయు గిన్నెలోనే వంటింటి గట్టుపై నుండిపోయినది. అన్నమును పారవేయుట పాపమని నా నమ్మకము. మరునాడు మధ్యాహ్నము దానికి పోపు వేసి, అదే పచ్చడితో అందరకును వడ్డించితిని. సాయంకాలమునకు డెబ్బది యేండ్లు దాటిన మా అత్తగారికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. రాత్రికి ఆమె నాలుక పిడచకట్టి, నిలబడలేని స్థితికి వచ్చినది. రెండు దినములు ఆసుపత్రిలో సెలైను ఎక్కించిన పిమ్మటగాని ఆమె కోలుకొనలేదు.

పరామర్శకు వచ్చిన మా పెదనాన్నగారు పల్లెటూరిలో నలుబది యేండ్లు ఆయుర్వేద వైద్యము చేసినవారు. జరిగినదంతయు విని, "అమ్మాయీ, పారేస్తే ఏభై రూపాయల అన్నం పోయేది. తింటే ఏడు వేలు పోయాయి, మీ అత్తగారి ప్రాణం మీదికొచ్చింది. ఇందులో పొదుపెక్కడుందో నువ్వే చెప్పు" అనిరి. నేను తల వంచుకొంటిని. ఆయన మరల మెల్లగా, "తప్పు పారెయ్యకపోవడంలో లేదమ్మా, కొలత లేకుండా వండడంలో ఉంది. ఒక నెల్లాళ్లు నువ్వు పారేసిందల్లా ఒక పుస్తకంలో రాసిపెట్టు. ఎందుకు పారేశావో పక్కన రాయి" అని చెప్పిరి.

ఆయుర్వేదము ఈ కొలతకే "మాత్ర" అని పేరు పెట్టినది. చరకుడు ఉదరమును మూడు భాగములుగా భావించి, ఒకటి ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాతపిత్తకఫముల సంచారమునకు విడువవలెనని చెప్పెను. వాగ్భటుడు నాలుగు భాగములు చేసి, రెండు ఘనమునకు, ఒకటి ద్రవమునకు ఇచ్చి, నాల్గవదానిని ఖాళీగా ఉంచుమనెను. కడుపునకు చెప్పిన ఈ నియమమునే పొయ్యికి, అలమరకు, మందుల పెట్టెకు కూడ వర్తింపజేసినచో ఇంటిలో వ్యర్థము దానంతట అదే తగ్గును.

పెదనాన్నగారి మాట ప్రకారము నేను నెలదినములు వ్రాసితిని. కూరల తొక్కలు, తొడిమలు ఎట్లును ఉండునవే. వాటిని తీసివేయగా మిగిలిన పద్దులన్నిటికిని మూడే కారణములు కనబడినవి. ఎక్కువ వండుట, నిల్వలో చెడిపోవుట, కొని వాడకుండుట. ఒక్కొక్కదానికి ఉపాయము చూతము.

మొదటి కారణము: ఎక్కువ వండుట

ఒక కుటుంబములో దినమునకు 100 గ్రాముల బియ్యపు అన్నము వృథాయగుచున్నదనుకొనుడు. నెలకు 3 కిలోలు, సంవత్సరమునకు ముప్పది ఆరు కిలోలకు పైగా అగును. కిలో 60 రూపాయల చొప్పున లెక్కించినను ఇది 2,190 రూపాయలు. దానిని ఉడికించిన గ్యాసు, నీరు, శ్రమ ఈ లెక్కలో చేరలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో వెలువరించిన నివేదిక మన దేశపు ఇండ్లలో ఒక్కొక్క మనిషికి ఏటా సుమారు 55 కిలోల ఆహారము వృథాయగుచున్నదని అంచనా వేసినది.

మన పూర్వులు బియ్యమును సోలతో, గిద్దెతో కొలిచి పోసెడివారు. నేడు చేతికి వచ్చినంత పోయుచున్నాము. కనుక ఈ క్రింది నియమములు పాటించుడు.

1. ఒక గ్లాసును బియ్యమునకు కేటాయించి, మనిషికి ఎంత సరిపోవునో వారము దినములు గమనించి నిశ్చయించుకొనవలెను.

2. రాత్రి భోజనమునకు ఎవరు ఉందురో, ఎవరు ఫలహారము చేయుదురో సాయంకాలమే అడిగి తెలిసికొనవలెను.

3. ఒక పూట కూర, పప్పు, పులుసు, పచ్చడి అన్నియు వండుట కంటె, రెండు వంటకములను సంతృప్తిగా తినుట జఠరాగ్నికి మేలు, చేతికి పొదుపు.

ఐనను అన్నము మిగులుట సహజము. మిగిలిన అన్నమును పగలంతయు బయట ఉంచరాదు. బియ్యములో సహజముగా నుండు ఒక జాతి సూక్ష్మజీవుల బీజములు ఉడికించినను చావవు. అన్నము గంటల తరబడి బయట నున్నచో అవి వృద్ధి పొంది విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను, పోపు వేసినను పోదు. నేనాడు చేసిన పొరపాటు ఇదే. కనుక వండిన రెండు గంటలలోపుగా వెడల్పైన పళ్లెములో చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు ఒకేసారి బాగుగా వేడిచేసి తినవలెను.

ఫ్రిజ్‌లు లేని కాలమున మనవారికి చల్దియన్నము ఉండెడిది. రాత్రి అన్నము చల్లారగానే అది మునుగునట్లు మంచినీరు పోసి, ఒక చెంచా పెరుగు కలిపి, మూతపెట్టి, ఉదయముననే ఉప్పు, ఉల్లిపాయతో తినెడివారు. పులియుట వలన పుట్టు ఆమ్లము చెడు సూక్ష్మజీవులను అణచును. గంజిని కుండలో పులియబెట్టి తరవాణి చేయుటయు ఈ కోవలోనిదే. ఆయుర్వేదములోని కాంజికము దీనికి దగ్గరి బంధువు. ఐతే జిగట సాగినను, దుర్వాసన వచ్చినను దానిని తినరాదు. వృద్ధులకు, పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచినవారికి అప్పటికప్పుడు వండినదే పెట్టవలెను.

రెండవ కారణము: నిల్వలో చెడిపోవుట

నా పుస్తకములో అన్నము తరువాత హెచ్చుగా కనబడినది కొత్తిమీర. చవకగా వచ్చినదని రెండు కట్టలు కొని, ఒక కట్ట పసుపుబారగా పారవేయుట మామూలైపోయినది. ఆకుకూరలను కడుగక, తడిలేని గుడ్డలో చుట్టి ఉంచినచో కొన్ని దినములు నిలుచును. కరివేపాకు ఎక్కువైనచో నీడన ఆరబెట్టి పొడి చేసికొనవచ్చును. కొత్తిమీర కాడలను చారులో వేసినచో ఆకుకంటె ఘుమఘుమలాడును.

పప్పు, బియ్యము పురుగు పట్టకుండ మన పెద్దలు అనుసరించిన పద్ధతులు నేటికిని ఉత్తమమైనవే. కిలో కందిపప్పునకు ఒక చెంచా ఆముదము పట్టించి, ఎండలో ఆరబెట్టి డబ్బాలో పోయవలెను. వండుటకు ముందు వేడినీటితో కడిగిన చాలును. బియ్యములో బాగుగా ఎండిన వేపాకును గాని, ఎండుమిరపకాయలను గాని ఉంచవలెను. చింతపండును గింజలు, ఈనెలు తీసి, కొద్దిగా ఉప్పు కలిపి జాడీలో నొక్కిపెట్టినచో ఏడాది నిలుచును. తడిచేయి తగులకుండుట వీటన్నిటికిని మొదటి నియమము.

ఋతువులో చవకగా వచ్చునదానిని నిల్వచేయుట మన ఇండ్లలో నొక విద్య. మామిడి ఒరుగులు, దోసకాయ ఒరుగులు, గుమ్మడి వడియములు, ఉసిరి తొక్కు, చింతకాయ తొక్కు ఈ విద్యకు నిదర్శనములు. పెరుగు పులిసినచో మజ్జిగ పులుసు చేయవచ్చును. వేసవియైనచో అదే పుల్లని మజ్జిగలో ఉప్పువేసి మిరపకాయలను ఊరబెట్టి, ఎండబెట్టి చల్లమిరపకాయలు చేసికొనవచ్చును. మరియు మిగిలినచో నీరు కలిపి కరివేపాకు మొక్కకు పోయుడు.

మూడవ కారణము: కొని వాడకుండుట

ఈ పద్దులో నన్ను సిగ్గుపడజేసినవి మందుల సీసాలు. సగము వాడిన దగ్గుమందు, గడువు తీరిన మాత్రలు, ఎవరో మంచిదన్నారని కొని మరచిన చూర్ణముల డబ్బాలు ఒక సంచి నిండినవి.

ఇంటి వైద్యమును నమ్మిన మనము ముఖ్యముగా తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. ఔషధములకు వీర్యకాలము ఉన్నదని శార్ఙ్గధరుడు చెప్పెను. చూర్ణములు రెండు మాసములకు, గుళికలు, లేహ్యములు సంవత్సరమునకు శక్తిహీనములగుననియు, ఆసవములు మాత్రము పాతబడినకొలది గుణవంతములగుననియు ఆయన అభిప్రాయము. కనుక ఇంటిలో చేసికొను చూర్ణములను పెద్ద డబ్బాల కొలది చేసి ఉంచుట వ్యర్థము. శొంఠి, మిరియములు, పిప్పళ్లు విడివిడిగా దినుసుగానే కొని తడి తగులకుండ ఉంచుకొనుడు. అవసరమైనప్పుడు సమభాగములుగా దంచి, వస్త్రగాళితము చేసిన చూర్ణమే త్రికటు చూర్ణము. జలుబు, కఫముతో కూడిన దగ్గు ఉన్నప్పుడు పెద్దలు రెండు మూడు చిటికెల చూర్ణమును అరచెంచా తేనెతో దినమునకు రెండుమార్లు సేవింపవచ్చును. కడుపులో మంట, పుండు ఉన్నవారు, గర్భిణులు దీనిని వాడరాదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె అసలే ఈయరాదు.

ఇట్లే భోజనానంతరము కడుపుబ్బరమైనచో చిటికెడు వామును ఉప్పుకల్లుతో నమలి, గోరువెచ్చని నీరు త్రాగుడు. ప్రతి చిన్న బాధకు మాత్రల పట్టీ కొనుటకు ముందు మన పోపులపెట్టెను ఒకసారి తెరచి చూచుట మంచిది. బాధ తగ్గకున్నచో, తరచుగా వచ్చుచున్నచో వైద్యుని సంప్రదింపవలెను.

ఒకరికి వ్రాసియిచ్చిన మందు మిగిలినదని మరియొకరికి ఇచ్చుట పొదుపు కాదు, ప్రమాదము. యాంటీబయాటిక్ మాత్రలను వైద్యుడు చెప్పినన్ని దినములు పూర్తిగా వాడవలెను గాని, సగము దాచుకొనరాదు.

తొక్క, గింజ, పిప్పి: వీటి ఉపయోగములు

పై మూడు కారణములను సరిదిద్దుకొన్న పిమ్మట బుట్టలో మిగులునవి తొక్కలు, గింజలు. వీటిలోను తెలుగు గృహిణికి తెలియని రుచి లేదు. వాటిని మరల గుర్తు చేయుచున్నాను.

ఆహారముగా: బీరపొట్టు, సొరపొట్టు నువ్వులతో వేయించి పచ్చడి చేయవచ్చును. అరటికాయ తొక్కను సన్నగా తరిగి వేపుడు చేయవచ్చును. పనస పిక్కలు కూరకు, గుమ్మడి గింజలు వేయించుకొని తినుటకు బాగుండును. తొక్కలను వాడదలచినప్పుడు కాయలను ఉప్పునీటిలో నానబెట్టి, మంచినీటితో రుద్ది కడుగవలెను. పురుగుమందు వాసన వచ్చు కాయల తొక్కను వాడరాదు.

దానిమ్మ తొక్క: ఇది వగరు రుచి గలది. నీడన ఎండబెట్టి దంచి ఉంచుకొనుడు. నోటిపూత, గొంతునొప్పి కలిగినప్పుడు ఒక చెంచా పొడిని గ్లాసు నీటిలో సగమగునట్లు కాచి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలింపవలెను. అతిసారమునందు దీనిని లోపలికి వాడుట ఆయుర్వేదములో కలదు గాని, అది వైద్యుని సలహాపై జరుగవలెను.

కమలా తొక్క: ఎండబెట్టి పొడిచేసి, రెండింతలు పెసరపిండి కలిపినచో మంచి సున్నిపిండి యగును. మొదట చేతిపై కొద్దిగా రుద్ది చూచి, దురద కలుగకున్నచో వాడుడు.

బియ్యపు కడుగు: ఒక భాగము బియ్యమునకు ఎనిమిది భాగముల నీరు పోసి, నానబెట్టి పిసికి తీసిన నీటిని ఆయుర్వేదము తండులోదకమనును. స్త్రీల ప్రదర రోగమున ఇచ్చు ఔషధములకు ఇది అనుపానము. నిత్యము వచ్చు కడుగును మొక్కలకు పోయుడు. పశువులు గలవారికి కుడితిగా ఉపకరించును.

గంజి: నూలు చీరలకు, పంచెలకు పెట్టుకొనవచ్చును. విరేచనములప్పుడు పలుచని గంజిలో కొద్దిగా ఉప్పు వేసి మాటిమాటికి త్రాగించుట మేలు. ఓఆర్‌ఎస్ పొడి దొరికినచో ప్యాకెట్టుపై చెప్పినంత నీటిలోనే కలిపి ఈయవలెను. నాలుక ఎండుట, మూత్రము తగ్గుట, మగత కనబడినచో ఇంటి వైద్యముతో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

చింతపండు పిప్పి, నిమ్మ తొక్క: రాగి, ఇత్తడి పాత్రలను ఇవి అద్దమువలె మెరయజేయును. పాలరాతి గచ్చుపై మాత్రము వీటిని రుద్దరాదు. పులుపు ఆ రాతిని తినివేయును.

కుంకుడు తొక్క: తలకు రుద్దుకొన్న పిమ్మట మిగిలిన తొక్కలను మరల నానబెట్టినచో కొంత నురుగు వచ్చును. ఆ నీటితో గాజులు, వెండి వస్తువులు కడుగవచ్చును. కంటిలో పడకుండ జాగ్రత్త వహింపవలెను.

మట్టిది మట్టికి

ఇన్ని విధముల వాడినను మిగులు తడిచెత్తను మట్టికే అప్పగింపవలెను. దీనికి పెరడే అక్కరలేదు, మేడమీది వసారా చాలును. అడుగున, ప్రక్కల చిల్లులు గల పెద్ద మట్టికుండను తీసికొని, అడుగున నాలుగు వ్రేళ్ల మందమున ఎండుటాకులు పరుపుడు. దినదినము కూరల తొక్కలు, టీ పిప్పి, వాడిన పూలు వేసి, వాటిపై రెండింతల ఎండుటాకులు గాని, కొబ్బరిపీచు పొట్టు గాని కప్పుడు. వారమునకొకమారు గరిటెడు పుల్లని మజ్జిగ చల్లి, మూడు నాలుగు దినములకొకమారు కర్రతో కలియబెట్టుడు. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని గ్రహించి, ఎండుటాకులు చేర్పుడు. నూనె వంటకములు, మాంసపు ముక్కలు వేయరాదు. కుండ నిండిన పిమ్మట రెండు మూడు మాసములలో నల్లని, మట్టివాసన గల ఎరువు తయారగును. దానిలో ఒక తులసి, ఒక వాము మొక్క, ఒక కలబంద పెంచినచో పెరటి వైద్యము మరల మన ఇంటికి వచ్చును.

ఇంటి చెత్తను తడి, పొడి, హానికరమైనది అని మూడుగా వేరుచేసి ఈయవలెనని కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రకటించిన నియమములు చెప్పినవి. గడువు తీరిన మందులు, బల్బులు, బ్యాటరీలు తడిచెత్తలో కలియరాదు. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు మొదలగు వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. శుభకార్యములకు అడ్డాకు విస్తళ్లు, అరటియాకులు ఉండగా వాటి అవసరమే లేదు. పాత పంచెలతో మసిగుడ్డలు, పాత చీరలతో బొంతలు, సంచులు కుట్టుకొనుట మన ఇండ్లకు క్రొత్త కాదు.

పొదుపు పేరిట దాచరానివి

1. కాగిన నూనె: మరల మరల కాచిన నూనె దేహమునకు హానికరము. అట్టి నూనెలో పోలార్ సమ్మేళనములు 25 శాతము మించినచో వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుండి నియమము చేసినది. ఇంటిలో దానిని కొలువలేము గనుక, సరిపడునంత నూనెయే మూకుడులో పోసి, మిగిలిన కొద్దిపాటి నూనెను ఒకటి రెండు దినములలో పోపులకు వాడివేయుడు. నల్లబడి చిక్కనైనది, నురుగు కట్టునది పారవేయుడు.

2. బూజు పట్టిన వేరుశనగ గింజలు: బూజు తుడిచి వాడుట మిక్కిలి తప్పు. ఇందు పుట్టు విషము కాలేయమునకు చేటు, వేయించినను పూర్తిగా పోదు.

3. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచిన పులుసు, పెరుగు: లోహము దిగి వికారము, వాంతులు కలిగించును. కంచుపాత్రలో పది రాత్రులు నిల్వయున్న నేయిని ఆయుర్వేదము నిషేధించినది.

4. పాత వార్తాపత్రికలు: బజ్జీలు, పూరీల నూనె ఒత్తుటకు వాడరాదు. అచ్చుసిరా ఆహారములోనికి దిగును.

5. పురుగుమందుల, ఆమ్లముల ఖాళీ డబ్బాలు: ఎంత కడిగినను తినుబండారములకు పనికిరావు.

ఒక పుస్తకము, ఒక గ్లాసు

ఇన్ని సంగతులను ఒకేమారు ఆచరణలో పెట్టుట ఎవరికిని సాధ్యము కాదు. రేపు ఉదయము ఒక పాత నోటుపుస్తకమును వంటింటి మేకునకు వ్రేలాడదీయుడు. పారవేసినదేదో, ఎందుకో ఒక్క ముక్కలో వ్రాయుడు. నెల తిరుగునప్పటికి మీ ఇంటి కారణములు మీకే తెలియును. మొదట పెద్ద కారణమును ఒక్కదానిని సరిదిద్దుకొనుడు.

మా ఇంటిలో ఆ పుస్తకము నేటికిని ఉన్నది గాని, వ్రాయవలసినవి తగ్గినవి. బియ్యము కొలుచు గ్లాసు మాత్రము నా చేతిలో లేదు. ఆసుపత్రి నుండి వచ్చిన నాటి నుండి బియ్యము కొలిచి పోయునది మా అత్తగారే. "రాత్రికి ఎంతమందే?" అని ఆమె సాయంకాలము తప్పక అడుగును. ఆ ఒక్క ప్రశ్నతో మా ఇంటి ఖర్చు తగ్గినది, చెత్త తగ్గినది. అందరి కడుపులును తేలికగా నున్నవి.